1970 షెవెల్‌కి ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్: 700ఆర్4 వేయాలా, 200-4ఆర్ వేయాలా?

షెవెల్70: నా షెవర్లే కారులో 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మూడే గేర్లు, ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగే పై గేరు) లేదు. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73 (చక్రం ఒక్కసారి తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే డ్రైవ్‌షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి), టైరు 26 అంగుళాలు. 70 మైళ్ల వేగానికి లెక్క ప్రకారమే ఇంజన్ దాదాపు 3,370 ఆర్‌పీఎం తిరుగుతుంది, దూరప్రయాణం నరకం. యాక్సిల్ మాత్రం మార్చను. బండి కదిలేటప్పుడు ఆ లాగుడు నాకు కావాలి. షాపాయన 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ వేయమంటున్నాడు. మీరేమంటారు?

కార్వెట్_ప్రేమి: ఆయన చెప్పిందే సరి. 1982 నుంచి జనరల్ మోటార్స్ (జీఎం) లెక్కలేనన్ని బళ్లలో వేసింది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. మొదటి గేరు 3.06, ఓవర్‌డ్రైవ్ 0.70. మీ 3,370 కాస్తా 2,360కి దిగుతుంది. పాతది కొంటే 1987 తర్వాతది చూడండి, అప్పటికి చాలా లోపాలు సరిచేశారు.

రీగల్_టర్బో: అన్నా, మొదటి గేరు 3.06 అన్నది 3.08 యాక్సిల్ ఉన్న బండికి వరం. ఈయనది 3.73. రెండూ గుణిస్తే 11.4, వీధి టైర్లు ఊరికే తిరుగుతాయి. పైగా రెండో గేరు 1.63. 5,500 దగ్గర గేరు మారితే ఇంజన్ 2,930కి పడిపోతుంది. జీఎందే ఇంకో నాలుగు గేర్ల ఆటోమేటిక్ 200-4ఆర్‌లో మొదటి రెండు గేర్లు 2.74, 1.57. అక్కడ పడేది 3,150కే, ఇంజన్ బలం ఉన్న చోటే నిలబడుతుంది. ఓవర్‌డ్రైవ్ కూడా 0.67.

బిగింపు ఇంకా తేలిక. పొట్టి తోక ఉన్న టర్బో 350కీ దీనికీ పొడవు ఒకటే, డ్రైవ్‌షాఫ్ట్ కోయనక్కర్లేదు. గేర్‌బాక్స్‌ని కింద మోసే క్రాస్‌మెంబర్ మాత్రం టర్బో 400 (జీఎం వారి ఇంకో మూడు గేర్ల ఆటోమేటిక్) స్థానానికి జరపాలి. బ్యూక్ గ్రాండ్ నేషనల్ టర్బో ఇంజన్ వెనక ఉన్నది ఇదే. అయితే మామూలు సెడాన్ నుంచి తీసింది తీసినట్టు వేయకండి, లోపల గట్టి భాగాలతో కట్టించి తీరాలి.

టర్బో400_భక్తుడు: కట్టించే డబ్బే పెడుతున్నప్పుడు జీఎం వారి ఇంకో నాలుగు గేర్ల ఆటోమేటిక్ 4ఎల్80ఈ ఎందుకు కాదు? 1991లో వచ్చింది, టర్బో 400 వంశం. గేర్లు 2.48, 1.48, 1.00, 0.75. రేపు పెద్ద ఇంజన్ వేసినా తట్టుకుంటుంది. ఆ రెండిటికీ కార్బురేటర్ నుంచి వేయాల్సిన కేబుల్ గొడవ దీనికి ఉండదు, అంతా కంప్యూటర్ చూసుకుంటుంది.

రీగల్_టర్బో: ఆ కంప్యూటర్, వైరింగ్ విడిగా కొనాలి. కార్బురేటర్ బండికి థ్రాటిల్ సెన్సర్ కూడా అమర్చాలి. బరువూ ఎక్కువే. వీధిలో తిరిగే 350 ఇంజన్‌కి అంత అవసరం లేదు.

పాత_మెకానిక్: బాబూ, పేర్ల దగ్గరే ఆగిపోయి అసలు సంగతి వదిలేస్తున్నారు. 700ఆర్4, 200-4ఆర్ రెండిటికీ టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఉంటుంది. టర్బో 350 కిక్‌డౌన్ కేబుల్‌లా అది గేరు దించడానికి మాత్రమే కాదు. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చూసి లోపల ఆయిల్ ప్రెషర్‌ని నిర్ణయించేది అదే. కేబుల్ వదులుగా ఉంటే ప్రెషర్ చాలదు, క్లచ్‌లు జారతాయి, కాలతాయి. కొత్త గేర్‌బాక్స్ కొద్ది రోజుల్లోనే చెడిపోతే జనం గేర్‌బాక్స్‌నే తిట్టుకుంటారు.

క్వాడ్రాజెట్ కార్బురేటర్ అయితే లింకేజీ కొలత దానికి తగ్గట్టే వస్తుంది. హోలీ, ఎడెల్‌బ్రాక్ కంపెనీల కార్బురేటర్ అయితే కేబుల్ లాగే దూరం, కోణం సరిచేసే బ్రాకెట్ విడిగా వేయాలి. గేజ్ తగిలించి ప్రెషర్ చూడకుండా బండి రోడ్డెక్కించొద్దు. మీ కార్బురేటర్ ఏది?

షెవెల్70: ఎడెల్‌బ్రాక్, బాబాయ్. బ్రాకెట్ సంగతి షాపాయన అసలు ఎత్తలేదు. రీగల్ గారి లెక్క నాకు నచ్చింది, 200-4ఆర్ వైపే మొగ్గుతున్నా.

కార్వెట్_ప్రేమి: యాక్సిల్ 3.73 దగ్గరే ఉంచుతానంటే నేనూ ఒప్పుకుంటా. 3.08కి మారే ఆలోచన ఎప్పుడొచ్చినా నా ఓటు 700ఆర్4కే.

పాత_మెకానిక్: ఏది వేసినా పెద్ద ఆయిల్ కూలర్ పెట్టు. కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలిపేది) వైరు కూడా కలపమని చెప్పు. లాకప్ లేకుండా ఓవర్‌డ్రైవ్‌లో గంటల తరబడి నడిపితే ఆయిల్ మరిగిపోతుంది.