బానిసత్వాన్ని రద్దు చేయించింది మతసంస్కర్తలేనా?

ప్రశ్న (చిక్కడపల్లి నుండి ఒక చరిత్ర అధ్యాపకుడు):
నేను హైదరాబాదులో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. క్రైస్తవ విశ్వాసంతో బానిస వ్యాపారంపై పోరాడిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ గురించి, 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించడం గురించి చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, "బానిసలను కొన్నవాళ్లూ ఆ బైబిలునే చదివారు కదా సార్, మరి బానిసత్వం తప్పనిపించే వాక్యాలు వాళ్లకు ఎందుకు కనబడలేదు?" అని అడిగింది. మనస్సాక్షి, మానవత అంటూ ఏదో చెప్పాను గాని, ఆ సమాధానం నాకే రుచించలేదు. ఈ విషయంలో మతం నిజంగా చేసిన పని ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
అధ్యాపకుల వారికి నమస్కారం. విల్బర్‌ఫోర్స్‌తో కాక క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ సమాజంతో మొదలుపెడితే చిక్కు కొంత విడుతుంది. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు వ్యక్తులు, మనుషులను కొనడం అమ్మడం తప్పని రాసి తమ సమాజానికి సమర్పించారు. పెద్దలు దానిని ఒక సభ నుండి మరొక సభకు పంపి, చివరకు పక్కన పెట్టేశారు. 1738లో బెంజమిన్ లే అనే పొట్టి మనిషి వార్షిక సభలో నిలబడి, లోపల ఎర్రని పండ్ల రసం దాచిన పుస్తకాన్ని కత్తితో పొడిచి, బానిసల యజమానులపై ఆ రసం చిందించాడు. సమాజం అతడినే బయటకు పంపింది. జాన్ వుల్మన్ అనే దర్జీ మాత్రం కేకలు వేయకుండా ఇంటింటికీ తిరిగి యజమానులతో మాట్లాడాడు, వారి ఇంట ఆతిథ్యం పొందితే తనకు సేవ చేసిన బానిసలకు డబ్బు చెల్లించేవాడు. చివరకు 1776లో ఫిలడెల్ఫియా వార్షిక సభ, బానిసలను ఉంచుకునేవారికి తమ సమాజంలో చోటు లేదని తీర్మానించింది. మన ఊళ్లలో కులకట్టు దాటినవాడిని వెలివేస్తే, అక్కడ మనిషిని సొత్తుగా పెట్టుకున్నవాడిని వెలివేశారు. ఆ మాట పలకడానికి ఆ సమాజానికి 88 ఏళ్లు పట్టిందన్నది కూడా తరగతిలో చెప్పాలి. 1787లో లండన్‌లో ఏర్పడిన బానిస వ్యాపార వ్యతిరేక సంఘం వ్యవస్థాపకులు 12 మందిలో 9 మంది క్వేకర్లే.

సమాధానం 2:
పై మిత్రులు చెప్పినది నిజమే గాని, అది ఒక చిన్న సమాజం కథ. ఇంగ్లండు అధికారిక చర్చికి చెందిన మతప్రచార సంఘానికే బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ అనే చెరకు తోట ఉండేది, అక్కడి బానిసల ఛాతీపై ఆ సంఘం పేరునే కాల్చి ముద్ర వేసేవారు. తరువాతి కాలంలో చర్చి పాదిరి అయిన జాన్ న్యూటన్ 1748లో తుపానులో ప్రాణం దక్కించుకుని దేవుని వైపు తిరిగానని చెప్పుకున్నాక కూడా 1754 వరకు బానిస ఓడలు నడిపాడు, తన పశ్చాత్తాపాన్ని అచ్చులో పెట్టింది 1788లో. కాబట్టి విద్యార్థిని ప్రశ్న న్యాయమైనది. ఆ బైబిలునే యజమానుల కంటే బాగా చదివినవాడు జమైకాలోని శామ్యూల్ షార్ప్. బానిసగా ఉంటూనే బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖలో డీకన్ (సంఘ సేవకుడు) అయిన ఆయన, ఇద్దరు యజమానులను ఎవరూ సేవించలేరన్న వాక్యాన్ని ఆధారం చేసుకుని, 1831 క్రిస్మస్ తరువాత కూలి ఇస్తేనే పని చేస్తామని తోటి బానిసలను కూడగట్టాడు. అది తిరుగుబాటుగా మారింది, 1832లో ఆయనను ఉరితీశారు. మరుసటి ఏడాదే పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది, 2 కోట్ల పౌండ్ల పరిహారం మాత్రం యజమానులకే ముట్టింది.

సమాధానం 3:
ఆ 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిని మినహాయించిందని మీ పిల్లలకు తప్పక చెప్పండి. కంపెనీ ప్రాంతాల్లో బానిసపై హక్కును కోర్టులు గుర్తించరాదన్న చట్టం 1843లో గాని రాలేదు. నిజాం రాజ్యంలో వెట్టి, భాగేలా (అప్పు కింద కట్టుబడి చాకిరీ చేసే) పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగాయి. సంస్కర్త అనగానే దూరదేశాలు చూడనక్కరలేదు. హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా అంటరాని బస్తీల్లో ప్రచారం చేశారు, ఆడపిల్లలను దేవుడి పేరిట అర్పించే ఆచారాన్ని ఎదిరించారు. అన్నట్టు, మాసబ్‌ట్యాంకు పక్కన ఉన్న ఏసీ గార్డ్స్ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ (ఆఫ్రికా మూలాలున్న గుర్రపు దళం) నుండే వచ్చింది. మీ తరగతిలో చాలామంది రోజూ ఆ దారినే బస్సెక్కుతుంటారేమో.

అధ్యాపకుడు:
అందరికీ కృతజ్ఞతలు. వెలి గురించిన మాటతో ఆరంభిద్దామనుకున్నాను గాని, రెండో మిత్రులు చెప్పినది చదివాక కాడ్రింగ్టన్ తోటతోనే సోమవారం పాఠం మొదలుపెడతాను. షార్ప్ ఎంచుకున్న వాక్యం ఏ సువార్తలో ఉందో వెతికే పనిని ఆ విద్యార్థినికే అప్పగిస్తున్నాను.