కూలి రోజులు లెక్కగట్టేదెలా?

గుంటూరు దగ్గర మా ఊరి జనాభా, జీవనోపాధి మీద ఎంఏ ప్రాజెక్టు చేస్తున్నాను. 2011 జనాభా లెక్కల పద్ధతే వాడాలి: ఏడాదిలో 183 రోజులు లేదా అంతకు మించి పని చేస్తే మెయిన్ వర్కర్, తక్కువైతే మార్జినల్.

46 ఇళ్లు తిరిగాను. సొంత పొలం ఉన్నవాళ్లతో, ఆటోలు నడిపేవాళ్లతో ఇబ్బంది లేదు. కూలికి వెళ్లే ఆడవాళ్ల దగ్గరే ఆగిపోయాను. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఒకావిడను "ఎన్ని రోజులు పనికెళ్లావు పిన్నీ?" అంటే, "పిలిచినన్నాళ్లూ వెళ్లా. రోజులు ఎవరు లెక్కెట్టుకుంటారమ్మా" అంది, చెయ్యి ఆపకుండానే. నిజమే కదా!

నెలలవారీగా అడిగి చూశాను. ఆవిడకే మొదటిసారి 210 వచ్చింది, వారం తర్వాత 150. అంటే మెయిన్ వర్కర్ కాస్తా మార్జినల్ అయిపోయింది. ఉపాధి హామీ జాబ్ కార్డులూ చూశాను. వాటిలో ఆ పని రోజులే ఉంటాయి, పత్తి తీతలు, మిర్చి కోతలు ఉండవు. పక్కింటివాళ్లను అడిగితే ఇంకో లెక్క.

పల్లెల్లో ఇలాంటి సర్వే చేసినవాళ్లు, కూలి రోజులు కాస్త నమ్మకంగా తేలాలంటే ప్రశ్న ఎలా అడిగారు?