వీరాభిమానం జపాన్ అనిమే నాణ్యతను దెబ్బతీస్తోందా?

వర్ణరేఖ

2007 ఏప్రిల్‌లో ‘గుర్రెన్ లగాన్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్) టీవీ సిరీస్ నాలుగో ఎపిసోడ్ ప్రసారమైనప్పుడు జపాన్ అభిమానులు భగ్గుమన్నారు. ఆ ఎపిసోడ్‌ను నడిపించిన ఒసాము కొబయాషి, సిరీస్ కోసం ముందే నిర్ణయించిన పాత్రల నమూనాలను తు.చ. తప్పకుండా పాటించకుండా, తనదైన వదులైన గీతతో బొమ్మలు వేయించారు. పాత్రల స్వభావం మారలేదు, మారింది గీత మాత్రమే. అయినా బొమ్మ కుప్పకూలిపోయిందని తీర్పు చెప్పేశారు. ఆ విమర్శలను స్టూడియో గైనాక్స్ స్థాపకుల్లో ఒకరైన తకామి అకాయి ఆన్‌లైన్‌లో పరుషమైన మాటలతో ఎత్తిపొడవడం, అది పెద్ద వివాదం కావడం, చివరికి ఆయన పదవి నుంచి తప్పుకోవడం చకచకా జరిగిపోయాయి.

వీరాభిమానం అనిమేకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోందన్నది నా అభిప్రాయం. ఒక పాత్రను ప్రాణంగా ప్రేమించే అభిమాని, ఆ పాత్ర తనకు తెలిసినట్టే ఎప్పటికీ ఉండాలని కోరుకుంటాడు. ముఖం మారకూడదు, వయసు పెరగకూడదు, ఆ పాత్రకు తనకు తెలియని గతం ఉండకూడదు. 2008లో ‘కన్నగి’ అనే మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథలో (శిలప్పదికారం కన్నగికి దీనితో ఏ సంబంధమూ లేదు) కథానాయికకు ఇదివరకు ఒక ప్రేమికుడు ఉండి ఉండవచ్చన్న చిన్న సూచన కనిపించింది. అంతమాత్రానికే ఆ పుస్తకాలను చించి, ముక్కల ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టిన ఉదంతం అప్పట్లో సంచలనమైంది. కథకు ప్రాణం మార్పులో ఉంటుందని నమ్మేవారు ఇలాంటి పాఠకుల కోసం ఏమి రాయగలరు?

కథానాయకుడు నరుతో, ప్రత్యర్థి పెయిన్‌ల పోరాటం ఉన్న ‘నరుతో షిప్పుడెన్’ 167వ ఎపిసోడ్‌దీ ఇదే కథ. అత్సుషి వకబయాషి దర్శకత్వంలో శరీరాలు సాగుతాయి, వంగుతాయి, ముఖాలు ఆకారం తప్పుతాయి. వరుసగా చూస్తే ఆ కదలికలో బరువూ వేగమూ తెలుస్తాయి. కానీ మధ్యలో ఒక్కొక్క ఫ్రేమును ఆపి, ఆ వంకర ముఖాలను పంచుకుంటూ, బొమ్మలు వేయడం చేతకాలేదని ఏళ్ల తరబడి వెక్కిరించారు. కదిలే బొమ్మను ఆపి చూసి కొలిచే ప్రేక్షకుడికి భయపడితే యానిమేటర్ చేయగలిగింది ఒక్కటే: ఎక్కడ ఆపినా అందంగా కనిపించే, కదలిక లేని బొమ్మ వేయడం.

2014లో ప్రఖ్యాత అనిమే దర్శకుడు హయావో మియజాకి కూడా ఒక ఇంటర్వ్యూలో, అనిమే రంగం మనుషులను గమనించడం ఇష్టంలేని ఒటాకులతో (వీరాభిమానులతో) నిండిపోయిందని ఆవేదన వ్యక్తం చేశారు. ఆయన మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను.

రాత్రిప్రదర్శన

వర్ణరేఖ గారు చెప్పిన సంఘటనలను నేను కాదనను. కానీ అభిమానులను పక్కన పెట్టి చూస్తే, అనిమేలో మనం గొప్పగా చెప్పుకునేవాటిలో ఎన్ని మిగులుతాయో ఒకసారి ఆలోచించాలని మనవి.

‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమతో’ 1974లో టీవీలో మొదలైనప్పుడు రేటింగులు రాలేదు, అనుకున్నదానికంటే ముందే 26 ఎపిసోడ్‌లతో ముగించేశారు. 1977లో దాన్ని సినిమాగా కుదించి విడుదల చేస్తే, థియేటర్ల ముందు బారులు తీరి దాన్ని నిలబెట్టింది అభిమానులే. 1979లో మొదలైన ‘మొబైల్ సూట్ గుండమ్’కు 52 ఎపిసోడ్‌లు అనుకుని 43తో సరిపెట్టారు. పునఃప్రసారాలను వదలకుండా చూసినవారూ, అందులోని భారీ రోబోల ప్లాస్టిక్ నమూనాలను కొని ఇంట్లో బిగించుకున్నవారూ లేకపోతే, యుద్ధంలో ఇరుపక్షాలకూ మనుషులే ఉంటారని పిల్లల కార్యక్రమంలో చూపించిన ఆ ప్రయత్నం అక్కడితో సమాధి అయ్యేది. స్పాన్సర్లకూ చానెల్‌కూ కనిపించని విలువ అభిమానుల కంటికి కనిపించింది.

ఇక మియజాకి గారి మాట. 1981లోనూ 1983లోనూ ఒసాకాలో జరిగిన సైన్స్ ఫిక్షన్ సమావేశాల ప్రారంభం కోసం కొందరు కుర్రాళ్లు సొంతంగా చిన్న యానిమేషన్ చిత్రాలు తీశారు. పారితోషికం లేదు, స్టూడియో లేదు, ఉన్నదల్లా పిచ్చి అభిమానం. తరువాత గైనాక్స్ స్థాపించినది వారే. వారిలో ఒకరైన హిదెయాకి అన్నోకు, 1984లో విడుదలైన ‘నౌసికా’లో మహాయోధుడు కరిగి కూలిపోతూ అగ్నిని కక్కే దృశ్యాన్ని అప్పగించినది స్వయంగా మియజాకి. కండ జారిపోతున్న ఆ దేహం బరువును చూసినవారెవరూ ఆ చేతికి గమనించే శక్తి లేదని అనలేరు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 2013లో, ‘ది విండ్ రైజెస్’ కథానాయకుడి గొంతుకు కూడా మియజాకి అన్నోనే ఎంచుకున్నారు. ఒటాకుల మీద ఆయనకు ఉన్న కోపం నిజమే కావచ్చు, కానీ తన సినిమాకు కావలసినప్పుడు ఆయన తలుపు తట్టింది వారిలో అగ్రగణ్యుడైనవాడి తలుపే.

లెక్కలమనిషి

ఇద్దరూ అభిమానుల మనస్తత్వం గురించే మాట్లాడుతున్నారు. డబ్బు ఎటు నుంచి వస్తోందో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది.

1963లో తెజుకా ఒసాము ‘ఆస్ట్రో బాయ్’ను ఖర్చు కంటే తక్కువ ధరకే టీవీకి ఇచ్చి, ఆ లోటును బొమ్మలు, వస్తువుల హక్కులతో పూడ్చుకునే దారి వేశారు. అప్పటి నుంచి అనిమే కార్యక్రమం తన ఖర్చును తాను రాబట్టుకోవడం అరుదు, దాని చుట్టూ అమ్ముడయ్యే వస్తువులే దాన్ని పోషిస్తూ వచ్చాయి. తరువాతి కాలంలో ప్రచురణకర్త, సంగీత సంస్థ, డిస్క్ కంపెనీ, బొమ్మల కంపెనీ కలిసి పెట్టుబడి పెట్టే నిర్మాణ కమిటీ పద్ధతి స్థిరపడింది. అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చే సిరీస్‌లకు ఆ కమిటీయే చానెల్‌కు డబ్బు కట్టి సమయం కొనేది. అంటే ఆ ప్రసారం డిస్క్‌లకు ప్రకటన లాంటిది. రెండు మూడు ఎపిసోడ్‌లు ఉన్న ఒక్కో డిస్క్‌ను ఆరేడు వేల యెన్‌లకు కొనేవారు దేశం మొత్తం మీద కొన్ని వేలమంది ఉంటే ఆ సిరీస్ గట్టెక్కినట్టు.

లక్షలమంది చూసేదాన్ని వేలమంది పోషించే చోట, ఆ వేలమందికి నచ్చనిది తీయడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? ఇందులో అభిమాని చేసిన నేరమేమీ లేదు. తనకు ఇష్టమైనదాన్ని డబ్బు పెట్టి కొన్నాడు. మిగతావారు ఉచితంగా చూసి వెళ్లిపోయారు. పాఠశాల, అదే ఐదుగురు అమ్మాయిలు, అదే రకం స్వభావాలు మళ్లీ మళ్లీ రావడానికి కారణం పెట్టుబడి పెట్టినవారి పిరికితనమే.

వర్ణరేఖ

లెక్కలమనిషి గారి వివరణ విలువైనది, కానీ అది నా వాదనకే బలం చేకూరుస్తోంది. పెట్టుబడి పెట్టేవారు పిరికివారే, ఆ పిరికితనానికి ఆకారం ఇచ్చేది మాత్రం అభిమాని ఇష్టాయిష్టాలే.

రాత్రిప్రదర్శన గారు చెప్పిన యమతో, గుండమ్ అభిమానులు అంతకుముందు లేనిదాన్ని కోరుకున్నారు. తరువాతి తరం, ఉన్నదే మళ్లీ కావాలని కోరుకుంటోంది. ఈ రెంటినీ ఒక గాటన కట్టలేము. అన్నో జీవితమే ఇందుకు సాక్ష్యం. ఆయన తీసిన ‘ఇవాంజెలియన్’ టీవీ సిరీస్ 1996లో ముగిసిన తీరు నచ్చక అభిమానులు విరుచుకుపడ్డారు. 1997 నాటి సినిమా ముగింపులో ఆయన స్టూడియోకు వచ్చిన సందేశాలను తెర మీద మెరుపులా చూపించారు, వాటిలో ద్వేషంతో రాసినవీ ఉన్నాయి. థియేటర్లో కూర్చున్న ప్రేక్షకులనే కెమెరాతో తీసి వారికే చూపించారు. అభిమానుల్లో నుంచి వచ్చినవాడే అభిమానుల వైపు తిరిగి అలా నిలబడవలసి వచ్చిందంటే, ఆ సంబంధంలో ఏదో చెడిపోయిందని ఒప్పుకోక తప్పదు.

ఇందుప్రియ

వర్ణరేఖ గారు, లెక్కలమనిషి గారు ప్రస్తావించిన ఆ ‘ఐదుగురు అమ్మాయిల’ సిరీస్‌లలో ఒకటైన ‘కే-ఆన్!’ను శబ్దం తీసేసి ఒక పది నిమిషాలు చూడండి. 2009లో క్యోతో యానిమేషన్ తీసిన ఈ సిరీస్‌కు దర్శకురాలు నవోకో యమద. వీరాభిమానులు కొనేందుకే తయారైన సరుకు అని దీన్ని చాలామంది కొట్టిపారేశారు. కానీ అందులో కెమెరా ముఖాలను వదిలి తరచుగా కాళ్ల మీదికి దిగుతుంది. బల్ల కింద ఒక అమ్మాయి మడమను నేల నుంచి కొద్దిగా ఎత్తి మళ్లీ దించుతుంది, నిలబడి మాట్లాడుతున్నప్పుడు బరువును ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మార్చుకుంటుంది, ఇబ్బందిగా ఉన్నప్పుడు బూటు మొనలు లోపలికి తిరుగుతాయి. మాటల్లో చెప్పని మొహమాటం, స్నేహం, దిగులు ఆ పాదాల్లో కనిపిస్తాయి. మనుషులను గమనించనివారు ఇలా గీయగలరా? ఆ చూపే 2016లో ఆమె తీసిన సినిమా ‘ఎ సైలెంట్ వాయిస్’కు దారి తీసింది. సరుకు ఎవరి కోసం తయారైనా, దాన్ని తయారు చేసే చేతికి సమయమూ గౌరవమూ ఉంటే నాణ్యత వస్తుంది. బొమ్మకు ఇంత అని కాకుండా నెల జీతాలు ఇచ్చి, తన సిబ్బందికి తానే శిక్షణ ఇచ్చుకున్న స్టూడియో అది. 2019 జులై 18న ఒక దుర్మార్గుడు పెట్టిన మంటల్లో అక్కడ 36 మంది చనిపోయినప్పుడు, బొమ్మ వేసినవారి పేర్లు గుర్తుపెట్టుకుని దుఃఖించినది, విరాళాలు పంపినది కూడా ఈ వీరాభిమానులే.

నాణ్యతకు నిజమైన శత్రువు ఎవరో తెలియాలంటే యానిమేటర్ల సంఘం 2015లో వెలువరించిన సర్వే చూడాలి. కీలక భంగిమల మధ్య వచ్చే బొమ్మలు వేసే కొత్తవారి సగటు సంవత్సరాదాయం సుమారు 11 లక్షల యెన్‌లు. తోక్యోలో ఆ డబ్బుతో గది అద్దె కట్టి బతకడం అసాధ్యం. చేయి తిరగకముందే వారు ఈ వృత్తి వదిలేస్తారు. ఇక్కడ దెబ్బతింటున్నది రేపటి కీలక యానిమేటర్, అతణ్ణి వెళ్లగొట్టింది అభిమాని కాదు.

లెక్కలమనిషి

ఇందుప్రియ గారి మాటకు కొనసాగింపుగా ఒక విషయం. డిస్క్‌ల యుగం దాదాపు ముగిసింది. పరిశ్రమ సంఘం లెక్కల ప్రకారం 2023లో అనిమేకు జపాన్ బయటి మార్కెట్ సుమారు 1.7 లక్షల కోట్ల యెన్‌లు, దేశీయ మార్కెట్ అంతకంటే తక్కువ. ఆ బయటివారిలో మనమూ ఉన్నాము. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మన థియేటర్లకు తెలుగు డబ్బింగ్‌తోనూ వచ్చింది. కాబట్టి నింద మోయవలసినవారిని ఒక్క జపాన్‌లోనే వెతకడం ఇక న్యాయం కాదు.

స్ట్రీమింగ్ సంస్థలకు ప్రతి మూడు నెలలకూ కొత్త సరుకు కావాలి. చనిపోయి వేరే ప్రపంచంలో పుట్టే కథానాయకుల సిరీస్‌లు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి, ఎందుకంటే వెబ్ నవలగా ముందే పాఠకులు ఉన్న కథ పెట్టుబడికి భద్రం. అభిమాని గాఢంగా ప్రేమించడం కంటే, ప్రేక్షకుడు దేన్నీ గాఢంగా ప్రేమించకుండా వారానికి పది సిరీస్‌లు చూసి మరచిపోవడం ఈ రంగానికి ఎక్కువ చేటు అని నేను భావిస్తున్నాను.

రాత్రిప్రదర్శన

సునావో కతబుచి తీసిన ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్’ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. యుద్ధకాలంలో కురె పట్టణంలోని ఒక సాధారణ గృహిణి కథకు పెట్టుబడి పెట్టడానికి ఎవరూ సులభంగా ముందుకు రాలేదు. 2015లో 3,374 మంది కలిసి 3.9 కోట్ల యెన్‌లకు పైగా సమకూర్చారు. దానితో పని ముందుకు సాగింది, సినిమా 2016లో వచ్చింది. అప్పటి వీధులూ దుకాణాలూ ఎలా ఉండేవో ఏళ్ల తరబడి పరిశోధించి గీసిన ఆ సినిమాలో వీరాభిమానులు కోరుకుంటారని మనం అనుకునేది ఒక్కటీ లేదు. అయినా దాన్ని పదే పదే చూసి, ఏళ్ల తరబడి థియేటర్లలో నిలబెట్టింది ఆ గాఢాభిమానమే.

వర్ణరేఖ

ఆ 3,374 మందిని నా విమర్శ నుంచి మినహాయించడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. వారు ఇంకా పుట్టని సినిమాకు డబ్బు ఇచ్చి, అది ఎలా ఉండాలో దర్శకుడికే వదిలేశారు. అభిమానం అంటే అదే అయితే ఈ చర్చ నేను మొదలుపెట్టేవాణ్ణే కాదు. అయితే అది రెండు గంటల సినిమా, ఒక్కసారి సేకరించిన డబ్బు. వారం వారం ప్రసారమవుతూ, ప్రతి ఎపిసోడ్ వచ్చిన రాత్రే లక్షలమంది తీర్పు ఎదుర్కొనే పన్నెండు ఎపిసోడ్‌ల సిరీస్‌లో, ఒక దర్శకుడు గీత మార్చాలనుకుంటే అతని వెనుక ఎవరు నిలబడతారు? కమిటీ నిలబడదని లెక్కలమనిషి గారే చెప్పారు. అభిమానులు నిలబడిన ఉదాహరణ టీవీ సిరీస్‌లలో ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.