నా మొదటి క్రైస్తవ నవల పుస్తకంగా తేవాలి, బ్లాగులో పెట్టిన అధ్యాయాలు తీసేయాలా?

పల్నాటి రూతు
అందరికీ వందనాలు. నవల పూర్తయింది. నరసరావుపేట దగ్గర పల్లె, ఒక లూథరన్ కుటుంబం, మూడు తరాల కథ. సగం అధ్యాయాలు ఇప్పటికే నా బ్లాగులో ఉన్నాయి. చదివేవాళ్లు బాగానే ఉన్నారు, తర్వాతి భాగం ఎప్పుడని అడుగుతున్నారు కూడా. ఇప్పుడు పుస్తకంగా తేవాలి. మామూలు ప్రచురణకర్తల్ని అడిగితే "మత సాహిత్యం మేం వేయం" అంటున్నారు. క్రైస్తవ ప్రచురణ సంస్థల్ని అడిగితే "కల్పిత కథలు వేయం, వాక్య ధ్యానాలో సాక్ష్యాలో ఉంటే పంపండి" అంటున్నారు. మరి మనలాంటివాళ్లం ఎక్కడికి పోవాలి? బ్లాగులోవి తీసేయాలా, ఉంచాలా? పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్, ఎలా తీసుకోవాలి? ఏడో అధ్యాయంలో సమాధుల తోట గొడవ ఉంది, ఏ కులంవాళ్లను ఎక్కడ పూడ్చాలని. దాని మీద మా చర్చి సంఘంలో కొందరు గుర్రుగా ఉన్నారు, అది వేరే సంగతి.

ఒంగోలు కీర్తన
తీసెయ్ అక్కా, ఈ రాత్రే తీసెయ్. పత్రికలవాళ్లు హామీ పత్రం అడుగుతారు కదా, "ఇది నా సొంత రచన, ఎక్కడా ప్రచురితం కాలేదు, బ్లాగుల్లో, సామాజిక మాధ్యమాల్లో కూడా రాలేదు" అని. నా నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా తీసుకున్నారు. బొమ్మలు కూడా వేయించారు. ఆఖరు నిమిషంలో ఎవరో నా బ్లాగు లింకు వాళ్లకు పంపారు. అంతే, ఆపేశారు. మొదటి మూడు భాగాలు, అవి కూడా చిత్తుప్రతి, పాత్రల పేర్లే వేరు. ఎంత చెప్పినా వినలేదు. లింకు పంపింది మన విశ్వాసుల్లోనే ఒకరని తర్వాత తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

డీటీపీ బాబాయి
రూతమ్మా, నేను బెజవాడలో సీసపు అచ్చుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. చాలామంది క్రైస్తవ రచయితల పుస్తకాలు నా చేతి మీదుగానే వెళ్లాయి, కాబట్టి చెప్పింది విను. నీ ఫైలు యూనికోడ్‌లో ఉంటుంది. ప్రెస్సులో ఇంకా చాలామంది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తారు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. "జ్యోత్స్న" అని ఉన్నచోట "జ్యోత్న" అని వస్తుంది, "లక్ష్మి"లో మ వత్తు పక్క అక్షరం కిందికి జారుతుంది. స్క్రీన్ మీద చూస్తే కనపడవు. కాగితం మీద ప్రింటు తీయించి, స్కేలు పెట్టి వరసా వరసా చూడాలి. రెండో ప్రూఫ్ నువ్వు చూడు, మూడోది కథ తెలియనివాళ్లకు ఇవ్వు. కథ తెలిసినవాళ్లు తప్పు మీదుగా చదువుకుంటూ పోతారు. డెమ్మీ సైజు, మ్యాప్‌లితో పేపరు. వెయ్యి కాపీలు వేయించుకోమని ఆఫ్‌సెట్ వాళ్లు అంటారు, ఒప్పుకోకు. ముందు రెండొందలు డిజిటల్‌లో వేయించు.

రాజమండ్రి దానియేలు
సిస్టర్, మిగతావన్నీ తర్వాత. సమాధుల తోట గొడవ నవలలో ఎందుకు? మన ఇంటి గొడవలు బజారుకెక్కిస్తే అన్యులు చదివి ఏమనుకుంటారు? క్రైస్తవ నవల అంటే దేవుని మహిమపరచాలి. సంఘాన్ని చిన్నబుచ్చే అధ్యాయం ఉన్న పుస్తకాన్ని ఏ దైవజనుడూ ఆశీర్వదించడు. ఆ ఒక్క అధ్యాయం తీసెయ్యండి, ప్రచురించేవాళ్లు వాళ్లే దొరుకుతారు.

గుంటూరు మేరీ
దానియేలు బ్రదర్, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం తెరవండి. ప్రభు భోజనం దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడని పౌలు రాశాడు. సంఘం పేరు పెట్టి మరీ రాశాడు. అన్యులు ఏమనుకుంటారో అని ఆపాడా? యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ల దగ్గర చోటు. అదీ సంఘం సంగతే.

రాజమండ్రి దానియేలు
పౌలు అపొస్తలుడు. మనం నవలలు రాసుకునేవాళ్లం. ఆ అధికారం వేరు. పైగా మా సంఘంలో కులం లేదు, ఎవరైనా ఎక్కడైనా కూర్చుంటారు. ఎక్కడో ఒకచోట జరిగింది చూపించి అందరికీ అంటగట్టడం న్యాయం కాదు.

చిలకలూరిపేట శామ్యూల్
కూర్చోవడం కాదన్నా, పూడ్చడం గురించి మాట్లాడుతున్నాం. మా ఊరి సమాధుల తోటలో మధ్యలో రాళ్ల వరస ఉంది. మోకాలెత్తు కూడా ఉండదు, పిల్లలు దాటుకుని ఆడుకుంటారు. మా నాయన పోయినప్పుడు అటువైపు ఖాళీ ఉన్నా ఇటు చివర, కాలవ గట్టు మీద గుంట తవ్వాల్సి వచ్చింది. వానాకాలం, అడుగు నీళ్లు ఊరుతుంటే బకెట్లతో తోడి దించాం. అయ్యగారు ప్రార్థన చేశారు, అందరూ ఆమేన్ అన్నారు. ఇది రాయకూడదంటే నేను ఇక ఏం రాయాలి? రూతు అక్క ఏడో అధ్యాయం బ్లాగులో చదివి మా అమ్మకు చదివి వినిపించాను. మా గురించి ఎవరో రాశారని అమ్మ చాలాసేపు ఏడ్చింది. మా సంఘంలో కులం లేదు అని సులువుగా అనకండి.

రాజమండ్రి దానియేలు
మీ నాన్నగారి విషయం బాధాకరం బ్రదర్, దేవుడు ఆదరించుగాక. అయినా నా మాట మీద నేను ఉన్నాను. నవలలో పరిష్కారం ఉండాలి, క్షమాపణ ఉండాలి.

గుంటూరు మేరీ
ముందు పుస్తకం చదవండి, తర్వాత పరిష్కారం ఉందో లేదో చెప్పండి. చదవకుండానే అధ్యాయాలు కోయించడం మా దగ్గర పెద్దలూ చేశారు. ముందుమాట కోసం వెళ్తే నా పుస్తకంలో పాస్టర్ గారి భార్య ఉద్యోగం చేస్తుందని రాసింది కూడా తీయమన్నారు. ముందుమాట లేకుండానే వేయించుకున్నాను. ఎవరి దగ్గరికీ శాలువా పట్టుకుని వెళ్లలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గేటు బయట బల్ల వేసుకుని అమ్మాను, ఆడవాళ్లే ఎక్కువ కొన్నారు.

డాలస్ నుంచి సుకన్య
ఇక్కడ పద్ధతి చెబుతాను, పనికొస్తుందేమో. అమెరికాలో క్రైస్తవ నవల అన్నది ఒక పెద్ద మార్కెట్. ఏసీఎఫ్‌డబ్ల్యూ (అమెరికన్ క్రిస్టియన్ ఫిక్షన్ రైటర్స్) అని రచయితల సంఘం 2000లో మొదలైంది. ఇంకా పుస్తకం రానివాళ్ల కోసమే జెనెసిస్ అనే పోటీ పెడతారు. పెద్ద ప్రచురణ సంస్థలకు, రచయిత తరఫున మాట్లాడే ఏజెంటు ద్వారా వెళ్లాలి. బ్లాగు పాఠకులు ఎంతమందో ప్రపోజల్‌లో రాయమంటారు. అంటే బ్లాగు అక్కడ బలం. నేనూ ఇంగ్లిష్‌లో ఒకటి రాస్తున్నాను, ఏజెంట్ల జవాబుల కోసం చూస్తూ వంట చేసేటప్పుడు కూడా ఫోను పక్కనే పెట్టుకుంటున్నాను.

ఒంగోలు కీర్తన
సుకన్యక్కా, మాకు ఏజెంట్లు లేరు, ప్రపోజల్ అడిగేవాళ్లు లేరు. అక్కడ బలమైన బ్లాగే ఇక్కడ నా సీరియల్‌ను ముంచింది.

ఖమ్మం ప్రవాసి
అందరూ పుస్తకం గురించి మాట్లాడుతున్నారు, దాని మీద పేరు గురించి ఎవరూ అడగలేదు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది. ఆంధ్రలో బీసీ-సీ కిందికి వెళ్తాం, దానికి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. నా నవల చదివి మా బాబాయి మొదట అన్న మాట, "పుస్తకం మీద నీ పేరు వేయకు, పిల్లల చదువులు ఉన్నాయి" అని. కథ ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేదు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ సైట్ల రోజుల నుంచీ నా బ్లాగు కలం పేరుతోనే నడుస్తోంది.

చిలకలూరిపేట శామ్యూల్
నేను బీసీ-సీ, నా పేరుతోనే రాస్తాను. భయంతో రాసేవాళ్ల వల్లే మన కథలు వేరేవాళ్లు రాస్తున్నారు.

ఖమ్మం ప్రవాసి
తమ్ముడూ, భయం అనే మాట వెనక్కి తీసుకో. నా ఇంట్లో ఎంతమంది నా మీద ఆధారపడి ఉన్నారో నీకు తెలియదు. సమాధి దగ్గర నువ్వు పడ్డ బాధ నాకు అర్థమైంది. నా బాధ నీకెందుకు అర్థం కాదు?

నిర్వాహకురాలు
ఇద్దరూ కాస్త ఆగండి. రూతు గారి ప్రశ్నలకు ఇంకా పూర్తిగా జవాబు రాలేదు. ఐఎస్‌బీఎన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

డీటీపీ బాబాయి
ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. రచయిత సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్యాకేజీ పేరుతో దానికి వేలు గుంజేవాళ్లు ఉన్నారు, ఒక్క రూపాయి ఇవ్వకు. ఇంకొకటి, ఇది చాలామంది ప్రచురణకర్తలకే తెలియదు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. నేను చేసిన ప్రతి పుస్తకానికీ పంపించాను.

గుంటూరు మేరీ
మత సాహిత్యం వేయం అన్నవాళ్లకు ఒక మాట గుర్తు చేయండి. జాషువా గారి క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగువాళ్లు దాన్ని కావ్యంగానే చదివారు, మతం కరపత్రంగా చదవలేదు.

పల్నాటి రూతు
శామ్యూల్ తమ్ముడూ, అమ్మగారికి నా వందనాలు చెప్పు. నీ మాట చదివాక ఇక ఎవరితోనూ వాదించను. ఏడో అధ్యాయం పుస్తకంలో ఉంటుంది. బ్లాగులో మొదటి రెండు అధ్యాయాలూ, ఏడోదీ ఉంచి మిగతావి తీసేస్తాను. పత్రికలకు పంపను, సొంతంగానే వేయించుకుంటాను. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు అందుకోవాలని ఉంది. బాబాయి గారూ, నవలలో పాటలు చాలా వాడాను, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోవి కొన్ని, ఈ మధ్య ఆరాధనల్లో పాడేవి కొన్ని. అనుమతి తీసుకోవాలా?

డీటీపీ బాబాయి
రచయిత పోయిన 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయారు, ఆయన కీర్తనలు నిశ్చింతగా వాడుకో. మిగతావి ఎవరు రాశారో ఒక్కొక్కటీ చూడాలి. కొత్త పాటలైతే రాసినవాళ్ల దగ్గర కాగితం మీద అనుమతి తీసుకో, దొరక్కపోతే పల్లవి కూడా వేయకు. ప్రెస్సుకు వెళ్లే ముందు ఆ జాబితా నాకు పంపు.

రాజమండ్రి దానియేలు
పుస్తకం వచ్చాక నాకు ఒక కాపీ పంపండి సిస్టర్, డబ్బు కట్టి తీసుకుంటాను. చదివే మాట్లాడతాను.