పాలు, నెయ్యి మానేసి పరుగెత్తేవాడికి పొద్దున పెసరట్టు చాలదా?

బీచ్‌రోడ్డు (విశాఖపట్నం), ఆదివారం ఉదయం 9.10

నాకు 34 ఏళ్ళు, 65 కిలోలు. వారానికి ఐదు రోజులు పొద్దున్నే ఏడెనిమిది కిలోమీటర్లు పరుగెత్తుతాను. పాలు పడక రెండేళ్ళ క్రితం మానేశాను. తర్వాత పెరుగు, నెయ్యి కూడా వదిలేశాను. గుడ్డు మొదటినుంచీ తినను. తీపి ఓట్స్, అరటిపండు గుజ్జు లాంటివి నా వల్ల కాదు, పొద్దున నాలుకకు కారం తగలాల్సిందే. ఇంట్లో రోజూ నాలుగు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి. ఎనిమిదిన్నరకు తింటే పదిన్నరకల్లా నీరసం, ఆఫీసులో ఆవలింతలు. పెసరట్టుకు మారితే సరిపోతుందా, లేక ప్రొటీన్ పొడి కొనుక్కోవాలా?

తెనాలి మాస్టారు, ఉదయం 9.42

పొడి ఎందుకు నాయనా? మన వంటింట్లో ఉన్నది చాలు. వంద గ్రాముల పెసలు పొట్టుతో సహా రాత్రి నానబెట్టండి. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి కాస్త పలుకుగా రుబ్బండి. పులియబెట్టే పని లేదు. ఇనప పెనం మీద మూడు అట్లు వస్తాయి. పైన ఉల్లిపాయ ముక్కలు, పక్కన అల్లం పచ్చడి. వంద గ్రాముల పెసలలో 23, 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుందని ఏ పుస్తకం చూసినా చెబుతుంది. నాకు 68. రోజూ మూడు తింటాను, ఆరు కిలోమీటర్లు నడుస్తాను, ఒంటిగంట దాకా ఆకలి తెలియదు.

ఒక్క మాట. బియ్యం వేయకూడదు, ఒక్క గింజ కూడా. గుప్పెడు బియ్యం పడ్డాక అది పెసరట్టు కాదు, పచ్చరంగు దోసె.

ఉగ్గాని (నంద్యాల), ఉదయం 9.55

ఆ గుప్పెడు బియ్యం లేకపోతే కరకరలాడదు మాస్టారూ. మెత్తటి గుడ్డ ముక్కలా ఉంటుంది.

జహీరాబాద్ జొన్న, ఉదయం 10.01

జొన్న రొట్టె, రాత్రి మిగిలిన పప్పు. ఇంతకు మించి చర్చించడానికి ఏముంది?

తెనాలి మాస్టారు, ఉదయం 10.20

ఉగ్గాని గారూ, గుడ్డ ముక్కలా వచ్చిందంటే తప్పు పెనానిది, లేదా పిండిలో నీళ్ళు ఎక్కువైనాయి. పెనం బాగా కాలాక సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, పిండి వేసి, గరిటె అడుగుతో మధ్య నుంచి చుట్టూ తిప్పాలి. అంచులు వాటంతట అవే లేస్తాయి. కరకర కోసం బియ్యం వేసేవారు ఓపిక లేనివారు. బియ్యంలో ఉన్నది పిండిపదార్థం, అది తినే కదా ఈ అబ్బాయికి పదిన్నరకు నీరసం వస్తున్నది!

ఇనుపకడ్డీ (హైదరాబాద్), ఉదయం 11.05

మాస్టారూ, చిన్న సందేహం. ఆ వంద గ్రాములు ఎండు పెసలా, నానినవా?

తెనాలి మాస్టారు, ఉదయం 11.18

పెసలు పెసలే కదా. నీళ్ళు వడకట్టి తూకం వేస్తాను. మా అబ్బాయి కొనిచ్చిన చిన్న కాటా ఉంది.

ఇనుపకడ్డీ, ఉదయం 11.40

అదీ సంగతి. నానితే పెసల బరువు ఇంచుమించు రెండింతలవుతుంది. పెరిగిన బరువంతా నీరే. మీ మూడు అట్లలో ఉన్నది 11, 12 గ్రాములు. మొలకెత్తించినా అంతే. మొలకలలో సి విటమిన్ పెరుగుతుంది కానీ ప్రొటీన్ ఎక్కడి నుంచో ఊడిపడదు.

ఇక బియ్యం మాట. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలలో లైసీన్ ధాన్యాలలో తక్కువ, మిథియోనిన్ పప్పులలో తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ఒకే ముద్దలో కలవాలనేమీ లేదు, ఆ రోజు తిండిలో ఎక్కడ కలిసినా చాలు. పైగా అడిగినవారు పరుగెత్తే మనిషి. పరుగుకు కండరాలు కరిగించుకునేది గ్లైకోజెన్‌ను, అంటే తమలో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని. అది తిరిగి నిండాలంటే పిండిపదార్థం కావాలి. మీరు చెబుతున్నది నడిచేవారి పథ్యం.

బీచ్‌రోడ్డు గారికి: ఇడ్లీలో ఒక వంతు మినప్పప్పుకు రెండు వంతులు రవ్వ వేస్తారు. ఒక్కో దానిలో సుమారు రెండు గ్రాముల ప్రొటీన్. నాలుగు తింటే ఎనిమిది, అందుకే ఆకలి. మామూలు మనిషికి కిలోకు 0.83 గ్రాములని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, అంటే మీకు రోజుకు 54. గట్టిగా వ్యాయామం చేసేవారికి 1.4 నుంచి 2 వరకు అవసరమని క్రీడా పోషణ నిపుణులు అంటారు. 1.4 అనుకున్నా 91. పాలు, గుడ్డు లేకుండా 91 గ్రాములు పెసరట్లతో రాబట్టాలంటే రోజంతా పెనం దించకూడదు. నేను బఠాణీ ప్రొటీన్ పొడి వాడుతున్నాను, సిగ్గేమీ లేదు.

తెనాలి మాస్టారు, మధ్యాహ్నం 12.15

ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. నాకు తూకం నేర్పే రోజు వచ్చిందన్నమాట. మీరు చెప్పిన ఆ సంస్థ మీ హైదరాబాద్‌లో, తార్నాకలోనే ఉంది. 2024 మే నెలలో అది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో ప్రొటీన్ పొడులు వద్దనే ఉంది. మీకు కావలసిన 0.83 తీసుకుని, ఆ మాట వదిలేశారు.

ఉగ్గాని, మధ్యాహ్నం 12.22

బియ్యం సంగతికి మాత్రం జవాబు రాలేదు.

డల్లాస్ తెలుగు, మధ్యాహ్నం 1.30

మేము ఆదివారం రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి బుధవారం దాకా వేసుకుంటాం. కాస్త పులుస్తుంది. తింటాం.

తెనాలి మాస్టారు, మధ్యాహ్నం 1.41

పులిసిన పెసర పిండి తినేవారితో నాకు వాదన లేదు.

రుబ్బురోలు (విజయవాడ), రాత్రి 9.35

నాకు 47. మోకాళ్ళ నొప్పులకు చూపించుకుంటే తొడ కండరాలు పెంచమన్నారు. రెండేళ్ళుగా వారానికి నాలుగు రోజులు ఐదున్నరకు జిమ్ముకు వెళుతున్నాను. నేను తినేది చెబుతాను. నంద్యాల వారు కోప్పడకపోతే దాన్నీ ఉగ్గాని అనే అంటాను. బొరుగులు నీళ్ళలో ముంచి పిండుతాను. ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు పోపులో ముందే వేడినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పిండేసి ఉంచిన మీల్‌మేకర్ వేసి, బొరుగులు కలిపి, పైన రెండు చెంచాల పుట్నాల పొడి, నిమ్మరసం. మీల్‌మేకర్ వంద గ్రాములలో 52 గ్రాముల ప్రొటీన్, ఇది ఎండు తూకమే మాస్టారూ! ముప్ఫై గ్రాములు వేస్తే 15 పైన. పుట్నాలతో కలిపి 20 దగ్గరకు వస్తుంది. మొత్తం పది నిమిషాల పని. పక్కనే కాఫీ మాత్రం వద్దు, తిన్న దానిలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదు. ఓ గంట ఆగి తాగండి.

ఉగ్గాని, రాత్రి 9.50

మీల్‌మేకర్ వేసిన ఉగ్గానికి మా ఊళ్ళో వేరే పేరు పెడతారు. కానీ పుట్నాల పొడి మరిచిపోలేదు కనుక క్షమించాను.

తెనాలి మాస్టారు, సోమవారం ఉదయం 6.05

మీల్‌మేకర్ అంటే సోయా నుంచి నూనె లాగేశాక మిగిలిన పిండి. ఫ్యాక్టరీలో తయారైన స్పంజి. పెసలు నేలలో పండి నేరుగా గిన్నెలోకి వస్తాయి. రాత్రి ఇన్ని పెసలు నీళ్ళలో పోయడానికి అర నిమిషం పట్టదు. ఈ తరం ఆడపిల్లలకు ఆ అర నిమిషం కూడా బరువైపోతే ఇక చెప్పేదేముంది అమ్మాయీ.

రుబ్బురోలు, సోమవారం ఉదయం 7.50

నన్ను అమ్మాయీ అనకండి. నాకు డిగ్రీ చదివే కూతురుంది.

ఆ అర నిమిషం సంగతి తేలుద్దాం. నానబెట్టడం అర నిమిషమే. పొద్దున కడగడం, రుబ్బడం, మిక్సీ జారు కడగడం, అల్లం పచ్చడి, ఉల్లిపాయలు తరగడం ఎవరి లెక్కలో వేశారు? ఇడ్లీ అయితే ఒక్క వాయిలో పదహారు దిగుతాయి, మూత పెట్టి నేను స్నానానికి వెళతాను. పెసరట్టు అలా కాదు. చల్లారితే ఎవరూ ముట్టరు. మా అమ్మాయి ఏడింటికి, మా వారు ఎనిమిదింటికి, మామగారు పూజ అయ్యాక తొమ్మిదింటికి. ఒక్కొక్కరూ కూర్చున్నప్పుడల్లా ఒకరు పెనం దగ్గర నిలబడాలి. పది సంవత్సరాలు నిలబడ్డాను. ఆ పదేళ్ళూ నా పలహారం ఏమిటో తెలుసా? అడుగున మిగిలిన పిండితో ఒక మందపాటి అట్టు, పదకొండింటికి, సింకు పక్కన.

నిన్నటి నుంచి ఇక్కడ ప్రొటీన్ గ్రాములు లెక్కపెడుతున్నారు, గింజలు లెక్కపెడుతున్నారు. పెనం దగ్గర మనిషిని మాత్రం ఒక్కరూ లెక్కపెట్టలేదు. నేను ఎంచుకున్నది మీల్‌మేకర్‌ను కాదు, నా పది నిమిషాలను.

ఇనుపకడ్డీ, సోమవారం ఉదయం 8.10

అందరూ ఒక విషయం మరిచిపోతున్నారు. బి12 విటమిన్. పాలు, గుడ్డు రెండూ లేనివారికి అది మొక్కల నుంచి రాదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని కొందరంటారు, దాన్ని నమ్ముకోకూడదు. బీచ్‌రోడ్డు గారి నీరసానికి అదీ కారణం కావచ్చు. రక్తపరీక్ష చేయించుకుని, తక్కువ ఉంటే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి.

జహీరాబాద్ జొన్న, సోమవారం ఉదయం 8.14

ఇప్పుడా బి12?

తెనాలి మాస్టారు, సోమవారం రాత్రి 8.40

రుబ్బురోలు గారూ, నా పెనం దగ్గర నిలబడేది నేనే. నాలుగేళ్ళయింది, ఇంట్లో ఒక్కణ్ణే. మీరు నన్ను ఎవరో వడ్డిస్తే తినేవాడిగా అనుకున్నారు. అది నిజం కాదు.

ఇప్పుడు కాదు, అంటే.

గుప్పెడు బియ్యం వేసేది మా ఆవిడే. నాకు షుగరు వచ్చాక డాక్టరు అన్నం తగ్గించమంటే, నా పిండిలో బియ్యం మానేసింది. తనకు బియ్యం లేనిది రుచించదు. అందుకని రోజూ రెండు సార్లు విడివిడిగా రుబ్బేది, ముందు నాది, తర్వాత తనది. ఆ మిక్సీ రెండోసారి తిరుగుతుంటే పేపరు చదువుకోనివ్వదని విసుక్కునేవాణ్ణి.

ఉగ్గాని గారూ, ఇదీ మీకు జవాబు. పరుగెత్తేవారు గుప్పెడు వేసుకోవచ్చునేమో. నేను వేసుకోను.

తూకం కూడా చూశాను. ఎండువి 50 గ్రాములు, నానాక 104. ఇనుపకడ్డీ గారి మాటే నిజం. పొడి విషయంలో మాత్రం కాదు.

రుబ్బురోలు, సోమవారం రాత్రి 10.15

అలా అనుకున్నందుకు మన్నించండి. అయినా నా మాట వెనక్కి తీసుకోను. మీరు వేసుకునేది ఒక్కరికి, ఒక వేళకు. ఒక్కరికైతే నేనూ పెసరట్టే వేసుకుంటాను.

అవును, బీచ్‌రోడ్డు గారూ, మొదట ‘ఇంట్లో రోజూ నాలుగు ఇడ్లీలు’ అన్నారు. అవి ఎవరు వేస్తారు?

బీచ్‌రోడ్డు, మంగళవారం ఉదయం 7.30

అమ్మ. 61 ఏళ్ళు.

డల్లాస్ తెలుగు, మంగళవారం ఉదయం 9.02

పులిసినా తింటామని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా మాస్టారూ?

తెనాలి మాస్టారు, మంగళవారం ఉదయం 9.30

అర్థమైంది. రెండో రోజు వరకు ఒప్పుకుంటాను. మూడో రోజుది పెరట్లో మొక్కలకు పోయండి.

బీచ్‌రోడ్డు, శనివారం ఉదయం 10.45

ఇంతవరకు జరిగింది ఇది. పరుగుకు ముందు రెండు ఖర్జూరాలు, అంతే. సోమవారం పెసరట్టు తిన్న అరగంటకే పరుగెత్తి చూశాను, రెండో కిలోమీటరు దగ్గర కడుపు పట్టుకుని కూర్చున్నాను. ఇక ముందు తినను, వచ్చాకే.

బుధ, శుక్రవారాలు రుబ్బురోలు గారి ఉగ్గాని నేనే చేశాను. మొదటిసారి బొరుగులు ఎక్కువసేపు నానబెట్టి ముద్ద చేశాను. రెండోసారి కుదిరింది. పన్నెండున్నర దాకా ఆకలి లేదు. రక్తపరీక్షకు ఇచ్చాను, ఫలితం రావాలి. పొడి ఇంకా కొనలేదు.

ఈ రోజు మాస్టారి పద్ధతిలో 60 గ్రాములు, ఎండు తూకం, పెసలు, గుప్పెడు బియ్యం వేసి నేనే రుబ్బాను. పక్కన పల్లీ పచ్చడి. అమ్మను కూర్చోమన్నాను. ఐదు నిమిషాలు కూర్చుంది, తర్వాత వచ్చి పక్కన నిలబడింది. మొదటి అట్టు పెనానికి అతుక్కుపోయింది, గీకితే ముక్కలుగా వచ్చింది. రెండోదీ అంతే. ఎక్కడ తప్పు చేశాను?

తెనాలి మాస్టారు, శనివారం ఉదయం 10.52

నాన్‌స్టిక్కా, ఇనప పెనమా? ఉల్లిపాయతో రుద్దారా? అంచులు లేవకముందే తిప్పి ఉంటారు.

రుబ్బురోలు, శనివారం ఉదయం 10.58

రుద్దే ఉంటారు. పెనం కాలకముందే పోసి ఉంటారు. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమనాలి, అప్పుడు మంట తగ్గించి పోయాలి.

జహీరాబాద్ జొన్న, శనివారం ఉదయం 11.03

జొన్న రొట్టె అతుక్కోదు.