జీవై401 జైరోకి బీఎల్ఎస్251 పెడితే ఆర్మ్ ఒక చివరికి వెళ్ళి ఆగిపోతోంది

గాజువాక_హెలి:

అందరికీ నమస్తే. ఈ మధ్య ఒకాయన ఊరు మారిపోతూ తన 600 సైజు ఎలక్ట్రిక్ హెలికాప్టర్ నాకు అమ్మేశారు. ఫ్లైబార్ (రోటర్‌ని నిలకడగా ఉంచే కడ్డీ) ఉన్న పాత రకం. తోక తిరిగిపోకుండా పట్టే ఫుటాబా జీవై401 జైరో, అది చెప్పినట్టు టెయిల్ బ్లేడ్లని కదిపే ఎస్9254 సర్వో బిగించే ఉన్నాయి. వాటితో పాటు పెద్దగా వాడని బీఎల్ఎస్251 ఒకటి కూడా చేతిలో పెట్టి, "ఇది బ్రష్‌లెస్, దానికన్నా మంచిది, వీలున్నప్పుడు మార్చుకో" అన్నారు.

ఎస్9254తో హోవర్ చేస్తుంటే తోక ఊగుతోంది. గబగబా వణకడం కాదు, నిదానంగా అటూ ఇటూ. జైరో గెయిన్ (తోకని ఎంత గట్టిగా సరిదిద్దాలన్న సెట్టింగు) పెంచితే ఊగడం కాస్త తగ్గుతుంది. ఇంకొంచెం పెంచేసరికి వణుకు మొదలవుతుంది. రెండూ లేని చోటు మధ్యలో ఎక్కడా దొరకట్లేదు. సర్వో పాతబడిందేమో అనుకుని, లింకేజ్ (తోకకి వెళ్ళే రాడ్డు) తగిలించకుండా బీఎల్ఎస్251ని జైరోకి గుచ్చి చూశాను. బ్యాటరీ పెట్టగానే ఆర్మ్ ఒక చివరికి వెళ్ళి అక్కడే గుయ్యిమంటూ ఉండిపోయింది. స్టిక్ ఎటు తిప్పినా రాలేదు. ముట్టుకుంటే వేడి. వెంటనే బ్యాటరీ తీసేశాను.

సర్వో పోయిందా, జైరో పోయిందా? రిసీవర్‌కి 6 వోల్టుల బీఈసీ (మెయిన్ బ్యాటరీ వోల్టేజీని దించి ఇచ్చేది) ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, కొత్తవి కొనే స్తోమత ఇప్పుడు లేదు.


సీఆర్‌వో_మాస్టారు:

బాబూ, జైరోకి ఏమీ కాలేదు. వెంటనే పీకేశావు కాబట్టి సర్వో కూడా బతికే ఉంటుంది. ఆ రెండింటికీ జత కుదరదు, అంతే.

సర్వో చూసేది వోల్టేజీని కాదు, పల్సు ఎంతసేపు ఉందన్నదాన్ని. మామూలు సర్వోకి 1520 మైక్రోసెకన్ల పల్సు వస్తే అది నడిమధ్య. నీ ఎస్9254 ఆ జాతిది. బీఎల్ఎస్251కి మధ్య అంటే 760. ఎస్9251, ఎస్9256 కూడా అదే కుటుంబం. జీవై401కి 1520 తప్ప వేరే తెలియదు. అది "మధ్యలో ఉండు" అని పంపిన పల్సు నీ బీఎల్ఎస్251కి రెట్టింపు కనిపించింది. ఇంకా వెళ్ళాలి, ఇంకా వెళ్ళాలి అనుకుంటూ చివరికి వెళ్ళి, అక్కడ దారి లేక మోటారు ఆగిపోయి కరెంటు తాగింది. వేడి అందుకే. ఇంకాసేపు వదిలేస్తే మోటారో, లోపలి బోర్డో కాలిపోయేది. ఇదే తిరగేసి చేసినా అంతే. కొన్ని జైరోలు 760 పంపుతాయి, వాటికి ఎస్9254 గుచ్చితే అవతలి చివరికి పోయి కూర్చుంటుంది. ట్రాన్స్‌మిటర్‌లో సబ్‌ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని కాస్త జరిపే సెట్టింగు) తిప్పి సరిచేద్దామని మాత్రం చూడకు, ఆ తేడా ట్రిమ్ములకి అందేది కాదు.

మరి రెండు రకాలు ఎందుకు పెట్టారని అడుగుతావు. లెక్క వేసి చూడు. 1520 సర్వో చివరిదాకా తిరగాలంటే పల్సు 2,100 మైక్రోసెకన్ల దాకా సాగాలి. సెకనుకి 333 సార్లు పంపితే ఒక్కో పల్సుకి దొరికే చోటు 3,000 మైక్రోసెకన్లు, హాయిగా పడుతుంది. టెయిల్ ఇంకా చురుగ్గా ఉండాలని 560 సార్లు పంపాలనుకున్నారు. అప్పుడు ఒక్కోదానికి మిగిలేది 1,786 మాత్రమే. 2,100 అందులో ఎలా పడుతుంది? అందుకని పల్సునే సగానికి కోశారు. నా దగ్గరున్న పాత సీఆర్‌వో (పల్సుల ఆకారం చూపే ఆసిల్లోస్కోప్) మీద రెండు రకాల జైరోలూ పెట్టి చూశాను, తేడా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఎస్9254నే మళ్ళీ పెట్టు. జీవై401 వచ్చిన రోజుల్లో చాలామంది దానికి జతగా వాడింది ఆ సర్వోనే, ఈ రోజుకీ మంచి జోడీ. జైరో మీద డీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడు. డిజిటల్ సర్వో ఉంటేనే ఆన్ చేయాలి. ఆఫ్‌లో ఉంటే ఎస్9254 పనిచేస్తుంది కానీ పల్సులు అరుదుగా వస్తాయి, టెయిల్ మందకొడిగా ఉంటుంది, నువ్వు చెప్పినట్టు నిదానంగా ఊగినా ఊగుతుంది. అనలాగ్ సర్వో పెట్టి ఆన్ చేస్తే మాత్రం సర్వో కాలిపోతుంది. పక్కనే డిలే అని ఉన్న ట్రిమ్మర్ స్లో సర్వోల కోసం పెట్టింది. నీకది సున్నా దగ్గరే ఉండాలి.

ఇంకొకటి. ఎస్9254 4.8 వోల్టుల సర్వో. నువ్వు 6 ఇస్తున్నావు. ఇన్నాళ్ళూ నడిచిందంటే దాని అదృష్టం. జైరోకీ సర్వోకీ మధ్య 5.1 వోల్టులకి దించే చిన్న రెగ్యులేటర్ పెట్టు, రిసీవర్‌నీ మిగతా సర్వోలనీ ముట్టుకోనక్కర్లేదు. కొందరు ఎర్ర వైరులో సిలికాన్ డయోడ్ ఒకటి వేస్తారు, 0.7 వోల్టు దిగుతుంది. పని జరుగుతుంది కానీ నాకు అతుకుల మీద నమ్మకం లేదు.

ఇక ఊగడం సంగతి. గెయిన్ తక్కువైతే నిదానంగా ఊగుతుంది, ఎక్కువైతే వణుకుతుంది, అది అందరికీ తెలిసిందే. కానీ రెండిటి మధ్య మంచి చోటే దొరకట్లేదు అన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం. జైరో చెబుతున్నది బ్లేడ్ల దాకా చేరట్లేదు. ఎక్కడో బిగుతు ఉంది, లేదా ఎక్కడో ప్లే (వదులు) ఉంది, లేదా రెండూ ఉన్నాయి. సర్వో ఎంత ఫాస్ట్‌గా తిరిగినా రాడ్డు పట్టేస్తుంటే ఏం లాభం? సర్వో డబ్బా మీద వేగం 0.06 సెకన్లని రాసి ఉన్నది ఖాళీగా తిరిగినప్పటి మాట.

సర్వో దగ్గర బాల్ లింక్ ఊడదీసి పుష్‌రాడ్‌ని రెండు వేళ్ళతో అటూ ఇటూ తోసి చూడు. మొదటి నుంచి చివరిదాకా ఒకేలా జారాలి. హెలికాప్టర్ ముక్కు పైకెత్తితే స్లైడర్ (టెయిల్ షాఫ్టు మీద జారుతూ బ్లేడ్ల కోణం మార్చేది) తన బరువుకే జారిపోవాలి. ఎక్కడైనా ఆగిందంటే రాడ్డు గైడ్లు ఒక వరసలో లేవు, లేదా స్లైడర్ బేరింగు పట్టేసింది. మన ఊరి ఉప్పుగాలికి ఎక్కువగా రెండోదే. వానాకాలం అంతా మూలన పడేసి తీస్తే టెయిల్ షాఫ్టు మీద ఎర్రటి పొడి కనిపిస్తుంది. తర్వాత బ్లేడు గ్రిప్పుల్ని పట్టుకుని లాగి చూడు, తిప్పి చూడు. సర్వో ఆర్మ్ కదలకుండా పట్టుకుంటే బ్లేడు కొస దగ్గర కదలిక దాదాపు ఉండకూడదు. టెయిల్ బ్లేడు బోల్టులు మరీ బిగించకు, తిరిగేటప్పుడు బ్లేడ్లు తమంతట తాము సర్దుకోవాలి. బూమ్ మీద సర్వో మౌంటు గిర్రున తిరగట్లేదు కదా, అదీ చూడు.

చివరగా జైరో కింద టేపు. పాతదైతే ఎండకి గట్టిపడి చెక్కలా అయిపోతుంది, మోటారు అదురంతా నేరుగా సెన్సార్‌కి చేరుతుంది. మార్చెయ్. జైరో వైర్లు బిగుతుగా లాగి కట్టకు, కాస్త వదులుగా ఉండాలి.


మధురవాడ_3డి:

మాస్టారూ, మీరు చెప్పిందంతా నిజమే గానీ ఇంకా జీవై401 ఏంటండీ? ఫ్లైబార్‌లెస్ యూనిట్ (ఫ్లైబార్ పనిని ఎలక్ట్రానిక్స్‌తో చేసేది) ఒకటి పెడితే 1520, 760, 333, 560 అన్నీ మెనూలో ఎంచుకోవచ్చు. ఆ బీఎల్ఎస్251 కూడా పనికొస్తుంది. బ్రో, ఈ పాత సామానుతో ఎందుకు బాధ?


సీఆర్‌వో_మాస్టారు:

నువ్వు కొనిపెడతావా నాయనా? యూనిట్ ఒక్కటే అయితే సరే అనేవాణ్ణి. అతనిది ఫ్లైబార్ హెలికాప్టర్. రోటర్ హెడ్ మార్చాలి, బ్లేడ్లు మార్చాలి, పైన ఉన్న మూడు సర్వోలు ఆ పనికి ఆగుతాయో లేదో చూసుకోవాలి. అంతా చేశాక కూడా స్లైడర్ పట్టేసి ఉంటే తోక మళ్ళీ ఊగుతుంది. ఈసారి తప్పు ఎక్కడుందో వెతకడానికి మెనూలు కూడా తోడవుతాయి. మనిషి అడిగింది తోక గురించి, తల గురించి కాదు.


గాజువాక_హెలి:

మాస్టారూ, మీకు దండం. డీఎస్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. కానీ పుష్‌రాడ్ మీరన్నట్టే మధ్యలో ఆగుతోంది. ఒక గైడు పక్కకి తిరిగిపోయి ఉంది, స్లైడర్ బేరింగులో తుప్పు. ఆటోనగర్‌లో ఒక షాపులో అదే కొలత బేరింగు దొరికింది, ధర కూడా పెద్దగా లేదు. టేపు మార్చాను, రెగ్యులేటర్ ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా బీఈసీని 5 వోల్టులకి తగ్గించుకున్నాను, దాంట్లో ఆ వీలుంది.

ఊగడం పూర్తిగా పోయింది! గెయిన్ కూడా ముందుకన్నా బాగా ఎక్కువ పెట్టగలుగుతున్నాను. ఇప్పుడు రెండు చిన్న సమస్యలు. ఒకటి, హెడింగ్ హోల్డ్‌లో (ముక్కు పెట్టిన దిశని జైరో పట్టి ఉంచే మోడ్) బాగానే ఉంది గానీ రేట్ మోడ్‌కి (తిరుగుడుని మాత్రమే అడ్డుకునే మోడ్) మారిస్తే ముక్కు ఒకవైపు గట్టిగా తిరిగిపోతోంది. రెండోది, కారులో ఏసీ వేసుకుని వెళ్ళి, దించగానే ఎగరేస్తే మొదటి కొన్ని నిమిషాలు తోక మెల్లగా పక్కకి జరుగుతోంది. తర్వాత బ్యాటరీ మార్చి పెడితే బాగానే ఉంటోంది.


సీఆర్‌వో_మాస్టారు:

మొదటిది సెంటర్ కుదరకపోవడం. హెడింగ్ హోల్డ్ ఆ తప్పుని కప్పేస్తుంది, సరిచేయదు. రేట్ మోడ్‌లో పెట్టి, ట్రిమ్మూ సబ్‌ట్రిమ్మూ సున్నాలో ఉంచి, సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కి 90 డిగ్రీల్లో నిలబడేలా ఆర్మ్‌ని ఊడదీసి పళ్ళ మీద జరిపి పెట్టుకో. తర్వాత రాడ్డు పొడవుని గానీ, బూమ్ మీద సర్వోని గానీ జరిపి, హోవర్‌లో తోక దాదాపు నిలిచే చోటు పట్టుకో. ఆ స్థితిలో టెయిల్ బ్లేడ్లకి కొంచెం పిచ్ (వాలు కోణం) ఉండి తీరాలి, మెయిన్ రోటర్ టార్కుని ఆపాలి కదా. సున్నా పిచ్‌లో పెట్టేసి వదిలేస్తే ఇలాగే తిరుగుతుంది. అయ్యాక గెయిన్ స్విచ్‌ని రెండు మోడ్ల మధ్య కనీసం మూడుసార్లు చకచకా ఆడించి హెడింగ్ హోల్డ్‌లో ఆపు, కొత్త సెంటర్‌ని జైరో గుర్తుపెట్టుకుంటుంది. ట్రాన్స్‌మిటర్‌లో పాత ఓనరు రెవో మిక్సింగ్ (థ్రాటిల్‌తో పాటు తోక పిచ్ మార్చేది) ఏమైనా పెట్టి ఉంటే తీసెయ్, హెడింగ్ హోల్డ్‌కి అది అడ్డం. జైరో మీద లిమిట్ ట్రిమ్మర్‌ని (సర్వో ఎంత దూరం తిరగాలో నిర్ణయించేది) మరీ తగ్గించాల్సి వస్తే అక్కడితో సరిపెట్టుకోకుండా ఆర్మ్ మీద బాల్‌ని లోపలి కన్నానికి జరుపు. లేకపోతే సర్వో తిరుగుడులో చిన్న ముక్కే వాడుకుంటావు, కచ్చితత్వం పోతుంది.

రెండోది వేడి తేడా. పవర్ ఇచ్చిన క్షణంలో జైరో "కదలకుండా ఉండటం అంటే ఇది" అని కొలత తీసుకుంటుంది. ఏసీలో చల్లబడిన సెన్సార్ దగ్గర ఆ కొలత తీసుకుని ఎండలోకి వెళితే, అది వేడెక్కే కొద్దీ కొలత జరిగిపోతుంది. దించాక పావుగంట నీడలో వదిలెయ్. తర్వాత నేల మీద పెట్టి బ్యాటరీ తగిలించు, లైటు నిలకడయ్యే దాకా ముట్టుకోకు. చేత్తో పట్టుకుని పవర్ ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రాడ్డు విప్పి బిగించావు కాబట్టి ఎగరేసే ముందు దిశ మళ్ళీ చూసుకో. ముక్కుని చేత్తో ఎడమకి తిప్పితే, టెయిల్ సర్వో కుడి రడ్డర్ ఇచ్చినప్పుడు ఎటు కదులుతుందో అటే కదలాలి. తిరగబడి ఉంటే లేచీ లేవగానే బొంగరం.

ఇంకో మాట. గాజువాకలో ఉన్నావు, నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా పక్కనే. ఇంటి దగ్గర ఖాళీ స్థలం ఉంది కదా అని అక్కడ ఎగరేయకు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎర్ర జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) ఎక్కడిదాకా ఉందో చూసుకుని, అది దాటి దూరంగా, అనుమతి ఉన్న చోటికే వెళ్ళు. పొద్దున్నే అయితే గాలి తక్కువ. మధ్యాహ్నం దాటి సముద్రగాలి లేచాక తోక పట్టు చూసుకోవడం కొత్తవాళ్ళకి కష్టం.


మధురవాడ_3డి:

సరే, హెడ్ మార్చమని అననులే బ్రో. ఆ బీఎల్ఎస్251 నీకెలాగూ పనికిరాదు కదా, నాకిస్తావా? నా దగ్గర జీవై520 ఉంది, అందులో 760 పెట్టుకోవచ్చు. బదులుగా 1520 సర్వో ఒకటి ఇస్తాను, సావోక్స్ ఎస్‌హెచ్-1290ఎంజీ. 6 వోల్టులు తట్టుకుంటుంది, నీకు రెగ్యులేటర్ గొడవ కూడా ఉండదు.


గాజువాక_హెలి:

మాస్టారు సరే అంటే నాకూ సరే 🙂


సీఆర్‌వో_మాస్టారు:

బేరం బాగానే ఉంది. కానీ ఆ బీఎల్ఎస్251 ఒకసారి వేడెక్కింది, అది మధురవాడ_3డికి ముందే తెలుసు కాబట్టి తర్వాత గొడవ పడకూడదు. మామూలు సర్వో టెస్టర్ మీద పెట్టి చూడకండి, అదీ 1520నే పంపుతుంది, మళ్ళీ అదే కథ. 760 ఎంపిక ఉన్న టెస్టర్ మీద గానీ, నేరుగా జీవై520 మీద 760 పెట్టుకుని గానీ చూడండి. ఆర్మ్ మధ్యలో నిలబడి, రెండు వైపులా ఒకేలా తిరిగి, పది నిమిషాల తర్వాత కూడా చల్లగా ఉంటే మార్చుకోండి.