మా లాబ్రడార్ దురదకు తిండి కారణమా? రక్తపరీక్ష చేయించాలా?

ప్రశ్న
నమస్కారం. మాది విజయవాడ. మా లాబ్రడార్‌కు మూడేళ్లు. ఏడాదిగా అది పాదాలు నాకుతూనే ఉంది. వేళ్ల మధ్య వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. రెండు నెలలకొకసారి చెవులు ఎర్రబడతాయి, దగ్గరకు వెళితే పులిసిపోయిన దోసెల పిండి వాసన వస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చినప్పుడల్లా పది రోజులు తగ్గి మళ్లీ మొదలవుతోంది. ఉదయం పెరుగన్నం, రాత్రి కోడిమాంసం కలిపిన అన్నం పెడతాము. ఎవరో చెబితే మూడు వారాలు కోడిమాంసం మానేశాము, తేడా లేదు. రక్తపరీక్షలో ఏది పడడం లేదో తెలుస్తుందంటున్నారు. ఖర్చు ఎక్కువే అయినా చేయించమంటారా?

మొదటి సమాధానం
వద్దండి. మా డాబర్‌మన్‌కు చేయించాము. అది జన్మలో రుచి చూడని పదార్థాలు కూడా పడవని నివేదికలో వచ్చింది. దాన్ని నమ్మి ఆరు నెలలు తిప్పలు పడ్డాము. ఆహార అలర్జీని తేల్చడానికి రక్తపరీక్షలు గానీ లాలాజల పరీక్షలు గానీ నమ్మదగినవి కావని తరువాత మా డాక్టరు గారే చెప్పారు.

రెండవ సమాధానం
నేను పశువైద్యరంగంలో ఉన్నాను. ముందుగా పిడుదులు, ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగులు, గజ్జి లేవని నిర్ధారించుకోండి. మీరు చెప్పిన వాసనను బట్టి చెవిలో ఈస్ట్ అనే ఒక రకం శిలీంధ్రం చేరి ఉండవచ్చు, దానికి విడిగా చికిత్స జరగాలి, లేకపోతే తిండి మార్చినా దురద పోదు. దుమ్ము, పుప్పొడి వల్ల వచ్చే అలర్జీ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, పైగా అదే ఎక్కువ. ఏడాది పొడవునా దురద ఉంటే తిండిని అనుమానించాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఉక్కపోత వదలని మన కోస్తాలో దుమ్ము అలర్జీ కూడా ఏడాదంతా ఉండవచ్చు కాబట్టి ఆ గుర్తు అంతగా పనికిరాదు.

తేల్చే దారి ఒక్కటే: ఇంతవరకు తినని ఒక మాంసకృత్తు, ఒక పిండిపదార్థం మాత్రమే ఎనిమిది వారాలు పెట్టడం. మీ కుక్కకైతే ముళ్లు తీసి ఉడికించిన చేప, చిలగడదుంప సరిపోవచ్చు, ఇంతకు ముందు చేప పెట్టి ఉండకపోతే. డాక్టరు రాసే హైడ్రోలైజ్డ్ ఆహారం ఇంకో దారి. అందులో మాంసకృత్తులను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విరగ్గొడతారు. మీ మూడు వారాలు చాలలేదు, పైగా పెరుగు కొనసాగింది. కుక్కలకు ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. ఇన్నాళ్లూ తిన్నదే కదా అనుకోకండి. అలర్జీ సాధారణంగా అలవాటైన తిండి మీదే పుడుతుంది.

మీకు ఇచ్చిన ఇంజెక్షన్ స్టెరాయిడ్ అయితే, దాని ప్రభావం ఉన్నన్నాళ్లు తగ్గినది మందువల్లనో తిండివల్లనో చెప్పలేము. అందుకే చివరి వారాల్లో మందు లేకుండా చూడాలి. దురద తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టాలి; రెండు వారాల్లోపు తిరిగి వస్తే అలర్జీ నిజమే. ఈ మెట్టు చాలామంది దాటేస్తారు, అది తప్పు. ఆ తరువాత ఒక్కొక్క పదార్థాన్నే రెండేసి వారాలు పెట్టి చూస్తే అసలు కారణం దొరుకుతుంది. చేప, దుంపల్లో కాల్షియం వంటివి చాలవు కాబట్టి నెలల తరబడి పెట్టాల్సివస్తే పోషకాల మందులు డాక్టరును అడగండి.

మూడవ సమాధానం
పరీక్ష చెడేది వంటింట్లోనేనండి. మేము ఐదు వారాలు గట్టిగా నిలబడ్డాక, మా మామగారు రోజూ కాఫీతో పాటు సగం గ్లూకోజ్ బిస్కెట్ మా కుక్కకు అందిస్తున్నారని తెలిసింది. ఆ బిస్కెట్‌లో గోధుమా ఉంది, పాలూ ఉన్నాయి. మళ్లీ ఒకటో వారం నుంచి మొదలుపెట్టాము. పిడుదులు, ఫ్లీలు పట్టకుండా నెలనెలా వేసే మందు నమిలే బిళ్ల అయితే దాని మీద మాంసం రుచి ఉందేమో చూడండి. ఆ ఎనిమిది వారాలకు చర్మం మీద వేసే చుక్కల మందు అడగండి.

ప్రశ్నించినవారు
మేము వేసేది అలాంటి బిళ్లే. రక్తపరీక్ష ఆలోచన మానుకున్నాము. సోమవారం చెవి చూపించి తరువాత చేప మొదలుపెడతాము. ఒక్క సందేహం: అమ్మ పూజ అయ్యాక దానికి చిన్న కొబ్బరి ముక్క పెడుతుంది. అది కూడా మానాలా?

రెండవ సమాధానం రాసినవారు
మానాలండి. ఎనిమిది వారాల తరువాత ఒక్కొక్కటిగా పెట్టి చూసేటప్పుడు దాన్నీ ఆ వరుసలో చేర్చుకోండి.